ఒక్క శాంపిల్‌కి ఎన్ని సైకిళ్ళు? - ఆడియో చిప్పుల ఎంపిక వెనక ఓ యాభయ్యేళ్ళ కథ

సొంతంగా ఏదో ఒక ఆడియో డబ్బా కట్టుకుందామని బయల్దేరినవాళ్ళు (సింథసైజర్ కావచ్చు, గిటార్‌కి ఎకో పెట్టే పెడల్ కావచ్చు, ఇంట్లో స్పీకర్లకి ఈక్వలైజర్ కావచ్చు) మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ మైక్రోకంట్రోలర్ కొనాలి?" దానికి మన సాఫ్ట్‌వేర్ జనం ఇచ్చే జవాబు కూడా ఒకటే: "ఎన్ని మెగాహెర్ట్జ్ ఎక్కువుంటే అంత మంచిది." లాప్‌టాప్‌లు కొనీ కొనీ వచ్చిన అలవాటిది. ఆ జవాబు పూర్తిగా తప్పని అనను గానీ, సగమే ఒప్పు. మిగతా సగం ఏంటో తెలియాలంటే ఈ చిప్పులు ఎక్కడ పుట్టాయో, ఎవరి చేతికి ఎప్పుడు అందాయో చూడాలి. కాస్త పెద్ద టపా, టీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు ఒక కొలమానం పెట్టుకుందాం. సీడీ నాణ్యత ధ్వని అంటే సెకనుకి 44,100 శాంపిళ్ళు. మనిషి చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, దానికి రెట్టింపు పైచిలుకు శాంపిళ్ళు కావాలి, అంతవరకూ సిద్ధాంతం. మరి సరిగ్గా 44,100 ఎందుకు? తొలిరోజుల్లో డిజిటల్ ధ్వనిని దాచడానికి చవగ్గా దొరికింది వీడియో టేపు. ఒక వీడియో గీతలో 3 శాంపిళ్ళు, ఒక ఫీల్డులో 245 గీతలు, సెకనుకి 60 ఫీల్డులు. గుణించి చూడండి, 44,100 వస్తుంది. యూరప్ టీవీ లెక్కలో 3, 294, 50 గుణించినా అంతే. 1982లో సీడీ బజార్లోకి వచ్చింది, వీడియో టేపు వెళ్ళిపోయింది, అంకె మాత్రం మనకి మిగిలిపోయింది. పాత సిస్టం నుంచి వచ్చిన ఒక కాన్‌స్టెంట్‌ని ఎవరూ ముట్టుకోకుండా కొత్త కోడ్‌లోకి మోసుకెళ్ళడం మనకి తెలియనిదా!

ఇప్పుడు చిప్పు సెకనుకి చేసే పనుల్ని 44,100తో భాగిస్తే, ఒక్కో శాంపిల్ మీద మనం ఖర్చు పెట్టగలిగే సైకిళ్ళు తేలతాయి (తొక్కే సైకిళ్ళు కాదు లెండి). ఈ బడ్జెట్ దాటితే వెబ్ పేజీలాగా కాస్త ఆలస్యంగా రావడం ఉండదు. తర్వాతి శాంపిల్ నెత్తిమీదికొచ్చేస్తుంది, స్పీకర్లోంచి చిటపటలు వినిపిస్తాయి. ఆడియోలో డెడ్‌లైన్ అంటే నిజంగా డెడ్‌లైనే, మేనేజర్ని బతిమాలుకోడానికి ఉండదు.

పోల్చడానికి ఒక పని కూడా అనుకుందాం: స్టీరియో, మూడు బ్యాండ్ల ఈక్వలైజర్. ఒక్కో బ్యాండ్‌కి మామూలు ఫిల్టర్ ఒకటి వాడితే శాంపిల్‌కి 5 గుణకారాలు. రెండు ఛానళ్ళు, మూడు బ్యాండ్లు, మొత్తం 30 గుణకారాలు. ఈ 30ని గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

అచ్చు పోసిన ప్రోగ్రాములు

మైక్రోకంట్రోలర్ అనగానే ప్రాసెసరు, మెమరీ, కాళ్ళ దగ్గర ఇన్‌పుట్ అవుట్‌పుట్ అన్నీ ఒకే చిప్పులో ఉండేది. ఈ జాతిలో మొదట పేరు తెచ్చుకున్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీఎంఎస్1000. గ్యారీ బూన్, మైకేల్ కాక్రన్ అనే ఇంజనీర్లు 1971లో చేసిన పని నుంచి వచ్చింది, 1974లో బయటివాళ్ళకి అమ్మడం మొదలెట్టారు. 4 బిట్ల చిప్పు. ప్రోగ్రాంకి 1024 బైట్లు, డేటాకి 64 నాలుగు బిట్ల గదులు.

1978లో ఇదే కుటుంబానికి చెందిన కంట్రోలర్‌తో స్పీక్ అండ్ స్పెల్ అనే బొమ్మ వచ్చింది. పిల్లలకి ఇంగ్లీష్ స్పెల్లింగ్ నేర్పే బొమ్మ, మాట్లాడుతుంది కూడా. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, మాట్లాడేది ఆ కంట్రోలర్ కాదు. పక్కన ఇంకో చిప్పు పెట్టారు. మనిషి గొంతుని గణిత నమూనాగా కుదించి, మళ్ళీ ధ్వనిగా మార్చడమే దాని పని. కంట్రోలర్ మీటలు చదవడం, ఏ మాట పలకాలో ఆ చిప్పుకి చెప్పడం చేసేది.

1980లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్ ఇంకా మంచి ఉదాహరణ. హిప్‌హాప్ నుంచి ఇవాళ్టి మన సినిమా పాటల దాకా ఆ గుభిల్లుమనే బాస్ డ్రమ్ వినని చెవి ఉండదు. దానిలోపల ఉన్నది ఎన్ఈసీ వాళ్ళ 4 బిట్ల కంట్రోలర్. అవును, నాలుగే! ధ్వనులన్నీ ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లతో చేసిన అనలాగ్ సర్క్యూట్ల నుంచి వచ్చేవి. ఎప్పుడు మోగాలో చెప్పడమే చిప్పు పని. తాళం వేసేవాడు మృదంగం వాయించక్కర్లేదు కదా.

చరిత్ర నేర్పే మొదటి పాఠం ఇదే: చిప్పు చేత ధ్వని చేయిస్తున్నామా, ధ్వనిని నడిపిస్తున్నామా? ఈ ప్రశ్న వేసుకోకుండా మెగాహెర్ట్జ్ గురించి మాట్లాడితే లాభం లేదు. నడిపించడానికైతే 1980 నాటి 4 బిట్లు కూడా చాలాయి.

కానీ ఈ చిప్పులు మనలాంటి ఇంటి దగ్గర కట్టుకునేవాళ్ళకి అందేవి కావు. ధర కాదు కారణం. ప్రోగ్రాం తయారీలోనే అచ్చు పోసేసేవారు. ఫ్యాక్టరీలో మాస్క్ చేయించాలంటే వేలల్లో ఆర్డరివ్వాలి. ఒక్క లైను మార్చాలన్నా ఆ బ్యాచ్ అంతా చెత్తబుట్టలోకే. కోడ్ రాసి, కంపైల్ చేసి, తప్పయితే దిద్దుకుని మళ్ళీ నడిపే మన వృత్తికి ఇది ఊహకే అందని లోకం.

గాజు కిటికీ, రెండు క్రిస్టల్స్

ఇంటెల్ 1976లో 8048ని, 1980లో 8051ని తెచ్చింది. 8051 పేరు చెప్పగానే ఈసీఈ వాళ్ళందరికీ లాబ్ గుర్తొచ్చి ఉంటుంది. 4 కిలోబైట్ల ప్రోగ్రాం, 128 బైట్ల ర్యామ్, గడియారం 12 సార్లు కొట్టుకుంటే ఒక మెషీన్ సైకిల్. వీటికి 8748, 8751 అని చెల్లెళ్ళుండేవి. వాటి నెత్తిన చిన్న గాజు కిటికీ. ప్రోగ్రాం తప్పయితే ఆ కిటికీ మీద అతినీలలోహిత కాంతి పడేలా పెట్టె కింద పావుగంటో ఇరవై నిమిషాలో పెడితే చెరిగిపోయేది. ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ 1971లో కనిపెట్టిన పద్ధతి. అచ్చు పోయడం కంటే వెయ్యి రెట్లు నయమే గానీ, ఆ కిటికీ చిప్పు ఖరీదు, పైగా ప్రోగ్రామరూ, కాంతి పెట్టే కూడా కొనాలి. అది కంపెనీల లాబ్‌కి తగిన సరంజామా.

ఇక బడ్జెట్ చూద్దాం. 12 మెగాహెర్ట్జ్ 8051 అంటే సెకనుకి 10 లక్షల మెషీన్ సైకిళ్ళు. శాంపిల్‌కి 22. ఒక్క 8 బిట్ల గుణకారానికే 4 పోతాయి. అంటే ఐదు గుణకారాలు చేసి చేతులెత్తేస్తుంది. మన ఈక్వలైజర్‌కి 30 కావాలి, అవీ 16 బిట్లవి. కాబట్టి 8051 ధ్వని చెయ్యలేదు. ధ్వనిని నడిపించడానికి మాత్రం భేషుగ్గా పనికొచ్చింది, అక్కడే మిడి కథ మొదలవుతుంది.

1980ల మొదట్లో ఒక్కో కంపెనీ కీబోర్డు ఒక్కో భాష మాట్లాడేది. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ ఇకుటారో కాకెహాషి కలిసి కదిలించగా మిడి అనే ఉమ్మడి భాష వచ్చింది. 1983 జనవరిలో రెండు కంపెనీల వాయిద్యాల్ని ఒక తీగతో కలిపి నలుగురి ముందూ వాయించి చూపించారు. ఆ తీగ మీద వేగం సెకనుకి 31,250 బిట్లు. వింతగా ఉంది కదా అంకె? 10 లక్షల్ని 32తో భాగించి చూడండి. 1 మెగాహెర్ట్జ్ గడియారం నుంచి రెండేసి చేసుకుంటూ ఐదు సార్లు భాగిస్తే వచ్చేస్తుంది. చవక చిప్పులు సులువుగా పుట్టించగలిగే అంకె అన్నమాట.

12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టి టైమర్లో 255 వేస్తే 8051 సీరియల్ పోర్టు సరిగ్గా 31,250 ఇస్తుంది, చుక్క తేడా లేకుండా. మరి మన కాలేజీ కిట్ల మీద ఎక్కువగా ఉండేది 11.0592 మెగాహెర్ట్జ్. అది 9,600కి సరిగ్గా 1,152 రెట్లు. కంప్యూటర్ సీరియల్ పోర్టుతో మాట్లాడ్డానికి అది వరం. మిడికి మాత్రం పనికిరాదు. ఆ క్రిస్టల్‌తో అదే టైమర్‌ని ఎంత లాగినా 28,800 వస్తుంది, కాకపోతే దానికి రెట్టింపు, 31,250 మాత్రం రాదు. "ఈ పిచ్చి అంకె ఎందుకు సార్?" అని లాబ్‌లో అడిగిన ప్రతి తరానికీ "సిలబస్‌లో అంతే" అన్న జవాబే వచ్చింది. నిజానికి ఆ అంకెలో పెద్ద పాఠం ఉంది. ఎంత వేగమన్నది తర్వాత, నీకు కావలసిన అంకెతో ఆ గడియారం నిశ్శేషంగా భాగింపబడుతుందా లేదా? అది రెండో పాఠం.

చెరపగలిగినవాడే రాయగలడు

1993ని నేను ఈ కథలో అసలు మలుపనుకుంటాను. ఆ ఏడాది మైక్రోచిప్ కంపెనీ పిక్16సి84ని తెచ్చింది. ప్రోగ్రాంని కరెంటుతోనే చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు. కిటికీ లేదు, కాంతి పెట్టె లేదు. రాయడానికి సీరియల్ పద్ధతి కాబట్టి రెండు తీగలు, ఇంకాస్త ఎక్కువ వోల్టేజీ చాలు. కంప్యూటర్ ప్రింటర్ పోర్టుకి నాలుగు విడిభాగాలు అతికించి జనం ఇంట్లోనే ప్రోగ్రామర్లు కట్టేసుకున్నారు. అదే ఏడాది ఆట్మెల్ కంపెనీ 8051కి ఫ్లాష్ మెమరీ జోడించి ఏటీ89సి51ని తెచ్చింది.

శక్తి పరంగా చూస్తే పిక్16సి84 దిగదుడుపే. 36 బైట్ల ర్యామ్, 1,024 పదాల ప్రోగ్రాం, గుణకారం చేసే సర్క్యూటే లేదు. కానీ లోకం మెగాహెర్ట్జ్ చూడలేదు, చెరపగలిగే గుణాన్ని చూసింది. తప్పు చేసి దిద్దుకునే ఖర్చు పదిహేను నిమిషాల నుంచి పదిహేను సెకన్లకి పడిపోయింది. మనకి తెలిసిన మాటల్లో చెప్పాలంటే, బిల్డ్ సైకిల్ చిన్నదైతే నేర్చుకునేవాడి ధైర్యం పెద్దదవుతుంది. మూడో పాఠం.

దీని ఫలం ఆడియోలో త్వరగానే కనబడింది. జర్మనీకి చెందిన టోర్‌స్టెన్ క్లోజె 1990ల చివర్లో మొదలుపెట్టిన మిడిబాక్స్ ప్రాజెక్టు పిక్ చిప్పుల మీదే పెరిగింది. మీటలు, నాబ్‌లు, తెర అన్నీ జనం సొంతంగా కట్టుకునే కంట్రోలర్లు. అందులో ఒక రకం 1982 నాటి కమడోర్ 64 కంప్యూటర్లోని సిడ్ అనే ధ్వని చిప్పుని నడిపిస్తుంది. మళ్ళీ అదే సూత్రం చూశారా? పిక్ నడిపిస్తుంది, సిడ్ పాడుతుంది.

నార్వే నుంచి ఇటలీకి

నార్వేలో ట్రోండ్‌హైమ్ ఊళ్ళో ఇద్దరు విద్యార్థులు, ఆల్ఫ్-ఎగిల్ బోగెన్, వెగార్డ్ వోలన్, చదువుకునే రోజుల్లో గీసిన డిజైన్ ఆట్మెల్ చేతికి వచ్చి 1990ల మధ్యలో ఏవీఆర్ అయింది. ఎక్కువ భాగం ఆదేశాలు ఒక్క గడియారపు దెబ్బకే పూర్తవుతాయి. 8051కి 12 దెబ్బలు, పిక్‌కి 4 అవసరమైన కాలంలో ఇది పెద్ద తేడా. తర్వాత వచ్చిన ఏటీమెగా చిప్పుల్లో గుణకారం రెండు దెబ్బల్లో అయిపోతుంది.

2003లో ఇటలీలోని ఇవ్రేయా ఊరి డిజైన్ సంస్థలో హెర్నాండో బర్రగాన్ అనే కొలంబియా విద్యార్థి తన థీసిస్‌గా వైరింగ్ అనే బోర్డు, భాష తయారుచేశాడు. దాని మీద ఏటీమెగా128 ఉండేది. 2005లో మాసిమో బాంజీ బృందం అదే దారిలో ఇంకా చవకైన ఏటీమెగా8తో ఆర్డుయినో తెచ్చింది. ఓపెన్ సోర్స్‌లో పని చేసేవాళ్ళం కాబట్టి చెప్పుకోవాలి, ఆర్డుయినో కీర్తిలో బర్రగాన్‌కి రావలసిన వాటా చాలా ఆలస్యంగా వచ్చింది. ఫోర్క్ చేసినవాడి పేరు నిలిచిపోయి, మొదట రాసినవాడి పేరు ఫుట్‌నోట్‌లోకి పోవడం మన రంగంలో కొత్తేం కాదు.

ఆర్డుయినో యూనో మీది ఏటీమెగా328 లెక్క చూద్దాం. 16 మెగాహెర్ట్జ్, శాంపిల్‌కి 362 సైకిళ్ళు. 8051 దగ్గర 22 ఉన్నచోట ఇది జమీందారీయే! కానీ 16 బిట్ల గుణకారాన్ని 8 బిట్ల ముక్కలుగా చేసుకోవాలి, కూడికలతో కలిపి సుమారు 20 సైకిళ్ళు. 30 గుణకారాలకి 600. బడ్జెట్ 362. అయిపోయింది. పైగా ర్యామ్ 2 కిలోబైట్లే. మొత్తం ఎకోకే ఇచ్చేసినా 1,024 శాంపిళ్ళు, అంటే 23 మిల్లీసెకన్లు. కొండల్లో అరిస్తే వచ్చే ఎకో కాదది, బాత్రూంలో పాడితే వచ్చేది.

ఇంకో చిక్కుంది. ఆర్డుయినోలో అనలాగ్ ఇన్‌పుట్ చదివే ఫంక్షన్ మామూలు సెట్టింగుల్లో సెకనుకి 9,600 సార్లు మించి చదవలేదు. అవుట్‌పుట్ రాసే ఫంక్షన్ నిజంగా అనలాగ్ వోల్టేజీ ఇవ్వదు, సెకనుకి 490 సార్లు ఆన్ ఆఫ్ చేస్తుందంతే. ఆ 490 నేరుగా చెవికి వినబడే కూత! లైబ్రరీని పక్కకి నెట్టి టైమర్ని మనమే పట్టుకుంటే 16 మెగాహెర్ట్జ్‌ని 256తో భాగించి 62,500 దాకా తేవచ్చు, అప్పుడు ఆ కూత చెవికి అందనంత పైకి పోతుంది. నాణ్యత మాత్రం 8 బిట్లే. ఫంక్షన్ పేరు చూసి నమ్మకూడదు, కింద రిజిస్టర్ ఏం చేస్తోందో చూడాలి.

ఇన్ని పరిమితుల్లోనూ అద్భుతాలు చేసినవాళ్ళున్నారు. టిమ్ బారస్ రాసిన మోజీ లైబ్రరీ 44,100 మీద ఆశ వదిలేసి సెకనుకి 16,384 శాంపిళ్ళతో సర్దుకుంది. దాంతో శాంపిల్‌కి 976 సైకిళ్ళు చేతికొచ్చాయి. 16,384 రెండుకి పద్నాలుగో ఘాతం కాబట్టి భాగహారాలు బిట్ షిఫ్టులతో అయిపోతాయి. ఫ్రాన్స్‌లో ఎమిలీ జిలే మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ పేరుతో 2010లో ఇచ్చిన శ్రుతి-1 కిట్ (పేరు చూడండి!) ఏటీమెగా644 మీద నడిచింది. కరుకైన 8 బిట్ల తరంగాన్ని చిప్పు పుట్టిస్తే, దాన్ని నున్నగా చేసే ఫిల్టర్ అనలాగ్ సర్క్యూట్. 808 నాటి తెలివే ముప్పై ఏళ్ళ తర్వాత ఇంకో రూపంలో. చెయ్యలేని పనిని పక్కవాడికి అప్పగించడం కూడా డిజైనే.

బడ్జెట్ పెరిగింది, చిక్కు మారింది

2007లో ఎస్‌టీ కంపెనీ ఎస్‌టీఎం32 పేరుతో ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్పులు తెచ్చింది. 2011లో వచ్చిన ఎఫ్4 రకం 168 మెగాహెర్ట్జ్, శాంపిల్‌కి 3,800 సైకిళ్ళు. అంతకంటే ముఖ్యం, గుణించి కూడే పని ఒక్క సైకిల్లో చేస్తుంది. దశాంశాలకి విడిగా యూనిట్ కూడా ఉంది. మన 30 గుణకారాల ఈక్వలైజర్ దీనికి పప్పు బెల్లం. దాని డిస్కవరీ బోర్డు మీద ఆడియో చిప్పు కూడా అంటించి ఇచ్చారు. అమెరికాలో పాల్ స్టోఫ్రెగెన్ టీన్సీ బోర్డులకి 2014 ప్రాంతంలో ఆడియో లైబ్రరీ రాశాడు. తెర మీద డబ్బాలకి గీతలు కలిపితే కోడ్ తయారవుతుంది. 128 శాంపిళ్ళ మూటలుగా పని చేస్తుంది, అంటే 2.9 మిల్లీసెకన్లు. గాలిలో ధ్వని ఆ సమయంలో ఒక మీటరు ప్రయాణిస్తుంది. స్పీకర్ నుంచి ఇంకో అడుగు వెనక్కి జరిగి కూర్చున్నట్టే, అంతకంటే తేడా ఏం తెలుస్తుంది! 2019లో వచ్చిన టీన్సీ 4.0 ఏకంగా 600 మెగాహెర్ట్జ్, శాంపిల్‌కి 13,600.

ఇక్కడికొచ్చేసరికి సైకిళ్ళ కరువు తీరింది. మరి ధ్వని బాగుండాలిగా? ఉండదు, ఎందుకంటే చిక్కు ఇంకోచోటికి మారింది. చిప్పు లోపలి అనలాగ్ మార్పిడి యూనిట్లు సాధారణంగా 12 బిట్లు. బిట్‌కి 6 డెసిబెల్స్ లెక్కన కాగితం మీద 72, ఆచరణలో ఇంకా తక్కువ. పక్కనే కోట్లసార్లు ఆన్ ఆఫ్ అయ్యే లాజిక్ ఉంటే సన్నటి ఈల అందులోకి కారుతుంది. అందుకే ధ్వనిని బయట పెట్టిన విడి చిప్పుకి అప్పగిస్తారు. దానితో మాట్లాడే పద్ధతి ఐ2ఎస్, ఫిలిప్స్ వాళ్ళు 1986లో ప్రకటించారు. బిట్ల గడియారం, ఎడమా కుడా చెప్పే తీగ, డేటా తీగ. మూడే.

మళ్ళీ క్రిస్టల్ కథ వచ్చింది చూడండి. ఈ ఆడియో చిప్పులు ఎక్కువగా శాంపిల్ వేగానికి 256 రెట్ల గడియారం అడుగుతాయి. 44,100కి 256 రెట్లు అంటే 11.2896 మెగాహెర్ట్జ్. కాలేజీ నాటి 11.0592కి చుట్టంలా కనబడుతుంది గానీ ఏ సంబంధమూ లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో క్రిస్టల్ అడిగేటప్పుడు దశాంశాలన్నీ కాగితం మీద రాసుకెళ్ళండి. 48,000 వేగమైతే 12.288 కావాలి.

2021 జనవరిలో 4 డాలర్లకి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో దీనికి చక్కని ఉదాహరణ. రెండు కోర్లు, 133 మెగాహెర్ట్జ్, 264 కిలోబైట్ల ర్యామ్. అందులో మూడు సెకన్ల ఎకో పట్టేస్తుంది! కానీ దశాంశాల యూనిట్ లేదు, కాబట్టి పూర్ణాంకాలతో లెక్కలు రాసుకోవాలి. ఐ2ఎస్ విడిగా లేదు, పీఐఓ అనే చిన్న చిన్న యంత్రాలతో మనమే పుట్టించుకోవాలి. 133 మెగాహెర్ట్జ్ 44,100తో నిశ్శేషంగా భాగింపబడదు, కాబట్టి గడియారం దెబ్బలు కొన్ని ముందూ కొన్ని వెనకా పడతాయి. లోపలి అనలాగ్ ఇన్‌పుట్‌లో లోపం ఉందని ఆ చిప్పు డేటాషీట్‌లోనే రాశారు. 2024లో వచ్చిన పికో 2లో దశాంశాల యూనిట్ చేరింది.

2016లో వచ్చిన ఈఎస్‌పీ32 సంగతి వేరు. 240 మెగాహెర్ట్జ్, రెండు కోర్లు, ఐ2ఎస్, వైఫై, బ్లూటూత్ అన్నీ ఉన్నాయి. ఒక మెలిక మాత్రం ఉంది. ఫోన్ నుంచి పాటలు పంపే పాత బ్లూటూత్ మొదటి ఈఎస్‌పీ32లో ఉంది, దాని తర్వాత వచ్చిన ఎస్3, సి3 రకాల్లో లేదు. కొత్తది కదా అని ఎస్3 కొంటే బ్లూటూత్ స్పీకర్ కల కలగానే మిగులుతుంది. కొత్త వెర్షన్ అంటే పాతదానికి సూపర్‌సెట్ అనుకునే మన నమ్మకం హార్డ్‌వేర్‌లో చెల్లదు.

రేపు దొరుకుతుందా?

అన్నిటికంటే ఆలస్యంగా అర్థమయ్యే పాఠం ఇది. 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నొబెయోకాలో అసాహి కసై వాళ్ళ చిప్పుల ఫ్యాక్టరీ తగలబడింది. ప్రపంచంలో మంచి ఆడియో పరికరాలెన్నింటిలోనో ఉన్న కన్వర్టర్లు అక్కడివే. ఆ మంటకి కరోనా కాలపు చిప్పుల కరువు తోడైంది. ఎస్‌టీఎం32లు నెలల తరబడి దొరకలేదు, దొరికినచోట ధర ఎన్నో రెట్లు. 2020లో డెయిసీ అనే ఆడియో బోర్డు అసాహి కసై కోడెక్‌తో వచ్చింది. తర్వాత అదే బోర్డుని వేరే కంపెనీ కోడెక్‌తో మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. టీన్సీ 3 వరుస బోర్డుల తయారీ ఆగిపోయింది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 808 తయారీ 1983లో ఆగిపోవడానికి కాకెహాషి చెప్పిన కారణం విడిభాగమే. నాణ్యత పరీక్షలో తప్పిన, బుస్సుమనే రొద చేసే ట్రాన్సిస్టర్లని ఏరి దాంట్లో వాడేవారు. ట్రాన్సిస్టర్ల తయారీ మెరుగుపడి అలాంటి చెత్త సరుకు రావడం మానేసింది. లోకం బాగుపడితే ఒక వాయిద్యం ఆగిపోయింది, ఏం చెప్తాం!

మన వెబ్ ప్రాజెక్టులో ఒక లైబ్రరీ మాయమైతే ఇంకోటి పెట్టుకుంటాం, ఓ వారాంతం పోతుంది. హార్డ్‌వేర్‌లో ఒక చిప్పు మాయమైతే బోర్డు గీయడం దగ్గర్నుంచీ మొదలు. పైగా వాయిద్యం యాప్ లాంటిది కాదు. మనం కట్టిన డబ్బా పదిహేనేళ్ళ తర్వాత మన పిల్లలు వాయించాలంటే, అప్పటికి దాన్ని బాగుచేసుకోగలగాలి. అందుకే నా ఉద్దేశంలో చిప్పు ఎంపికంటే స్పెక్స్ పోటీ కాదు, ఎవరి మీద ఎన్నాళ్ళు ఆధారపడబోతున్నామో తేల్చుకోవడం.

ఇంతకీ ఏది కొనాలి?

సరే, ఇంత చదివించి జవాబు చెప్పకపోతే కొడతారు. నేనైతే ఇలా తేల్చుకుంటాను.

మిడి కంట్రోలర్, సీక్వెన్సర్, అనలాగ్ సర్క్యూట్లని మోగించే డబ్బా లాంటివైతే, అంటే ధ్వనిని నడిపించడమే పనైతే, ఆర్డుయినో నానో చాలు. 16 మెగాహెర్ట్జ్‌ని 31,250తో భాగిస్తే 512, నిశ్శేషం. ఎక్కువ పెట్టడం దండగ. మిడి ఇన్‌పుట్‌లో ఆప్టోకప్లర్ మాత్రం మానెయ్యొద్దు, లేకపోతే గ్రౌండ్ లూప్ గుంయ్ మంటుంది.

కావాలనే కరుకు శబ్దాల సింథ్ చేస్తుంటే పికో, దాని పక్కన పీసీఎం5102 లాంటి ఐ2ఎస్ డ్యాక్. ఆ డ్యాక్ తన గడియారాన్ని తనే పుట్టించుకోగలదు కాబట్టి మూడు తీగలతో పని అయిపోతుంది. పూర్ణాంకాలతో లెక్కలు రాయడం నేర్చుకుంటారు, చెడ్డ విద్యేం కాదు.

ఫోన్ నుంచి పాటలొచ్చే స్పీకర్ అయితే మొదటి రకం ఈఎస్‌పీ32. గిటార్ ఎఫెక్టులు, ఈక్వలైజర్, రివర్బ్ అయితే దశాంశాల యూనిట్ ఉన్న కార్టెక్స్-ఎం7, అంటే టీన్సీ 4 లేదా డెయిసీ. ఖరీదెక్కువే గానీ, మీ సాయంత్రాలకి కూడా ఖరీదుంది కదా.

ఏది కొన్నా రెండు పనులు చెయ్యండి. ధ్వని లెక్కలు చేసే కోడ్‌ని చిప్పు రిజిస్టర్లు ముట్టుకునే కోడ్‌తో కలపకండి. రేపు చిప్పు మారితే సగం కోడ్ బతుకుతుంది, దాన్ని లాప్‌టాప్ మీద టెస్ట్ కూడా చేసుకోవచ్చు. రెండోది, ఒకటి కావాలంటే రెండు కొని, ఆ రెండోదాన్ని డబ్బాలోపలే టేపు వేసి పెట్టండి. 808 వాళ్ళకి ఆ ట్రాన్సిస్టర్లు గోదాము నిండా ఉండుంటే కథ వేరేగా ఉండేదేమో.

శాంపిల్‌కి 22 సైకిళ్ళ నుంచి 13,600 దాకా వచ్చాం. ఆ 22 ఉన్న రోజుల్లోనూ, అంతకంటే తక్కువున్న రోజుల్లోనూ జనం నాట్యం చేసే సంగీతం పుట్టింది. కాబట్టి సైకిళ్ళు తక్కువయ్యాయని ప్రాజెక్టు ఆపకండి. మీరు ఏ చిప్పుతో ఏం కడుతున్నారో, ఎందుకు దాన్నే ఎంచుకున్నారో వ్యాఖ్యల్లో రాయండి. మెగాహెర్ట్జ్ తప్ప ఇంకేదైనా కారణం చెప్తే ఇంకా సంతోషం.